తొమ్మిదో ప్రశ్నకి రెండు జవాబులు

లిఫ్టులు బాగుచేసే ఆ కంపెనీలో ఆయన్ని అందరూ చెవి మేస్త్రి అనేవాళ్ళు. ముప్ఫై ఒక్క ఏళ్ళ సర్వీసు. మోటారు గదిలోకి వెళ్ళి, పొడుగాటి స్క్రూడ్రైవర్ మొనని మోటారుకి ఆనించి, పిడిని చెవికి పెట్టుకుని కళ్ళు మూసుకున్నాడంటే చాలు, ఏ బేరింగు ఇంకెన్నాళ్ళు లాగుతుందో, బ్రేకు ఎక్కడ రాసుకుంటోందో అరటిపండు ఒలిచి చేతిలో పెట్టినట్టు చెప్పేవాడు. ఒకసారి ముగ్గురు ఇంజనీర్లు రెండు రోజులు మీటర్లు పెట్టి తేల్చలేకపోయిన చప్పుడుని, ఈయన మేడ మెట్లు ఎక్కుతూ, గది తలుపు కూడా తీయకుండానే తేల్చేశాడని ఒక కథ ప్రచారంలో ఉంది. అందులో సగం నిజం. మెట్లు ఎక్కిన మాట నిజమే. చెప్పింది మాత్రం తలుపు తీశాకే.

ఆయనకి యాభై ఐదు నిండాయి. అరవైకి రిటైర్మెంటు. ఇంట్లో ఆయనా, మందుల షాపులో పనిచేసే భార్యా. ఒక్కగానొక్క కూతురు పెళ్ళై నాలుగు వీధుల అవతలే ఉంటుంది. చెప్పుకోదగ్గ కష్టాలేవీ లేని మనిషి. ఒక్క విషయం తప్ప. ఆ విషయం ఆయన ఎవరికీ చెప్పలేదు. తనకి తాను కూడా సరిగ్గా చెప్పుకోలేదు.

ఆ ఏడు కంపెనీకి ఇద్దరు కొత్త మెకానిక్కులు కావలసి వచ్చారు. ఉద్యోగాల్లోకి తీసుకునే పని అంతా చూసేది ఫారం మేడమ్. ఆ పేరు మెకానిక్కులు పెట్టిందే. ముప్ఫై రెండేళ్ళ మనిషి, చురుకైంది, నవ్వు మొహం. కానీ ప్రతిదానికీ ఒక ఫారం ఉండాలంటుంది. సెలవుకి ఒకటి, చేతి తొడుగులకి ఒకటి, ఫారాలు అయిపోయాయని రాసివ్వడానికి ఇంకొకటి. ఈసారి పని తెలిసినవాళ్ళు పక్కన ఉంటే బాగుంటుందని మేస్త్రిని కూడా ఇంటర్వ్యూలకి కూర్చోమంది. ప్రశ్నలు పన్నెండు. ప్రతి ప్రశ్న కిందా వచ్చినవాళ్ళు చెప్పిన జవాబు రాసి, పదికి ఇన్నని మార్కులు వేయాలి. ఎవరి ఫారం వాళ్ళదే, ఒకరిది ఒకరు చూడకూడదు. అంతా అయ్యాక రెండూ పక్కపక్కన పెట్టి చూసుకోవాలి.

మంగళవారం పొద్దున మేస్త్రి కళ్ళజోడు పెట్టుకుని ప్రశ్నలన్నీ వరసగా చదివాడు. తొమ్మిదో దాని దగ్గర ఆగిపోయాడు.

"ఐదేళ్ళ తర్వాత మిమ్మల్ని మీరు ఎక్కడ చూసుకుంటున్నారు? ఇదేం ప్రశ్న మేడమ్?"

"అన్నిచోట్లా అడిగేదే సార్."

"అందరూ అడిగితే మాత్రం? వచ్చే నెల ఎక్కడుంటాడో తెలియని మనిషిని పట్టుకుని ఐదేళ్ళ తర్వాతి సంగతి అడిగితే ఏం చెప్తాడు పాపం? నోటికొచ్చిన అబద్ధం చెప్తాడు."

"అబద్ధమైనా పర్లేదు. కూర్చుని ఆలోచించుకున్నాడా, బస్సులో బట్టీ పట్టుకొచ్చాడా అన్నది తెలుస్తుంది కదా."

"నన్ను పెట్టుకున్నాయన ఒకటే అడిగాడండీ. ఎత్తంటే భయమా అన్నాడు. లేదన్నాను. అయితే రేపొచ్చెయ్ అన్నాడు. అంతే ఇంటర్వ్యూ."

"నిజంగానే భయం లేదా మీకు?"

"ఎందుకు లేదూ! మొదటి ఆర్నెల్లూ కిందికి చూసేవాణ్ణే కాదు."

మేడమ్ పెన్ను మూత తీస్తూ నవ్వింది. "చూశారా. ఆ ఒక్క ప్రశ్నకీ మీరు చెప్పింది అబద్ధమే."

ఆయనా నవ్వేశాడు.

ఇంటర్వ్యూలకి ఇచ్చిన గది రోడ్డు వైపుది. కిటికీ మూస్తే ఉక్క, తెరిస్తే లారీల రొద. మధ్యలో బల్ల మీద ఒక టేబుల్ ఫ్యాను, తల అటూ ఇటూ తిప్పుకుంటూ కాగితాలు ఎగరగొడుతోంది. రావలసినవాళ్ళు ఐదుగురు. మొదటివాళ్ళిద్దరికీ పనే రాదు. మూడో ఆయన ముప్ఫై ఐదేళ్ళవాడు, నల్లటి పెద్ద ఫైలుతో వచ్చాడు. అందులో సర్టిఫికెట్లన్నీ తేదీల వరసన ఉన్నాయి. తొమ్మిదో ప్రశ్న అడగడమే తరువాయి, "ఈ సంస్థతో పాటే ఎదుగుతూ, నాకు అప్పగించిన బాధ్యతని అంకితభావంతో నిర్వర్తిస్తూ, ఒక బృందానికి నాయకత్వం వహించే స్థాయిలో నన్ను నేను చూసుకుంటున్నాను" అని ఎక్కడా ఊపిరి తీసుకోకుండా అప్పజెప్పాడు. మేస్త్రి రాసుకునే లోపలే అయిపోయింది. మళ్ళీ చెప్పమంటే ఒక్క అక్షరం కూడా తేడా లేకుండా మళ్ళీ చెప్పాడు. చేతిపని మాత్రం వచ్చు. మార్కులు బాగానే పడ్డాయి.

నాలుగో మనిషి ఒక అమ్మాయి. ఇరవై ఎనిమిదో, తొమ్మిదో ఉంటాయి. బట్టల ఫ్యాక్టరీలో రెండు వందల కుట్టుమిషన్లు బాగుచేసే మెకానిక్కుగా ఆరేళ్ళు పనిచేసింది. గోళ్ళ అంచుల్లో ఎంత కడిగినా పోని నూనె నలుపు. అది చూడగానే మేస్త్రికి అభిమానం కలిగింది. లిఫ్టు తలుపు లాకు ఒకటి తెచ్చి ఆమె ముందు పెట్టి, "విప్పి మళ్ళీ బిగించమ్మా" అన్నాడు. అలాంటిది ఆమె ఎప్పుడూ చూసి ఉండదు. ఒక నిమిషం దాన్ని చేతుల్లో తిప్పి చూసి, విప్పిన ప్రతి స్క్రూనీ బల్ల మీద వరసగా పేర్చి, చివర్న స్ప్రింగుని బొటనవేలితో నొక్కిపట్టి మళ్ళీ మామూలుగా కూర్చేసింది. మేస్త్రి పదికి పది వేశాడు.

కానీ ఆమె మాట మరీ మెల్లన. అందులోనూ మేడమ్ వైపే చూసి మాట్లాడుతోంది. తొమ్మిదో ప్రశ్న అడిగేసరికి తల వంచుకుని చాలాసేపు ఆలోచించింది. అదే సమయానికి బయట లారీ ఏదో వెనక్కి వస్తూ కూతలు పెట్టడం మొదలుపెట్టింది. ఫ్యాను ఇటు తిరిగింది. ఆమె రెండు ముక్కల్లో జవాబు చెప్పేసింది. మేడమ్ తల ఊపి రాసుకుంది. మేస్త్రి కూడా తనకి వినబడింది రాశాడు. "ఐదేళ్ళకి మా పల్లెలో ఉండాలనుకుంటున్నా." దాని పక్కనే, "నేర్పించీ లాభం లేదు, వెళ్ళిపోతుంది" అని రాసి, పదికి రెండు వేశాడు.

ఐదో ఆయన రానేలేదు. సాయంత్రం నాలుగింటికి టీ తాగుతూ ఇద్దరూ ఫారాలు పక్కపక్కన పెట్టుకున్నారు. ఫైలాయన దగ్గర పేచీ లేదు. కుట్టుమిషన్ల అమ్మాయి దగ్గరికి వచ్చేసరికి మేడమ్ కనుబొమలు ముడిచింది.

"ఊరికి వెళ్ళిపోతానని ఎప్పుడందండీ ఆవిడ?"

"తొమ్మిదో ప్రశ్నకి చెప్పిందిగా. మా పల్లెలో ఉండాలనుకుంటున్నా అని."

"నేను 'మీ పనిలో' అని రాసుకున్నాను. మిమ్మల్నే అంటోందనుకున్నాను. మేస్త్రి కావాలని ఉందేమో అనుకుని తొమ్మిది వేశాను."

మేస్త్రి రెండు ఫారాలూ దగ్గరికి లాక్కుని చూశాడు. పని, పల్లె. ఆ రెండు మాటలూ పక్కపక్కన కాగితం మీద కనిపిస్తున్నాయి. ఒక్క క్షణం, ఒక్కటంటే ఒక్క క్షణం, 'నాకు సరిగ్గా వినబడలేదేమో మేడమ్' అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. కానీ బయటికి వచ్చింది వేరే మాట.

"నా పక్కనే కూర్చుంది మేడమ్. నాకు స్పష్టంగా వినబడింది."

మేడమ్ తన కాగితం వైపు మరోసారి చూసుకుని నవ్వేసింది. "మీ చెవితో నేను పోటీ పడగలనా! లారీ గోలలో నేనే పొరబడి ఉంటాను." తన తొమ్మిదిని కొట్టేసి మూడు వేసింది. మొత్తం తగ్గిపోయింది. రెండో ఉద్యోగానికి మళ్ళీ ప్రకటన ఇద్దామని, శుక్రవారం పెద్ద ఆఫీసుకి జాబితా పంపేస్తానని చెప్పి ఫారాలు సర్దుకుని వెళ్ళిపోయింది.

మేస్త్రి టీ చల్లారిపోయేదాకా అలాగే కూర్చున్నాడు.

ఎవరికీ చెప్పని విషయం అదే. రెండేళ్ళ నుంచీ ఆయనకి చెవులు సరిగ్గా పనిచేయడం లేదు. మొదట గడియారం టిక్కుటిక్కు వినబడటం మానేసింది. ఆగిపోయిందనుకుని రెండుసార్లు బ్యాటరీ మార్చాడు. తర్వాత ఫోను కుడి చెవి నుంచి ఎడమ చెవికి మారింది. ఇప్పుడు నలుగురు ఒకేసారి మాట్లాడుకుంటుంటే ఆయన నవ్వాల్సిన చోట అందరికంటే ఒక్క లిప్త ఆలస్యంగా నవ్వుతున్నాడు. మోటారు దగ్గర స్క్రూడ్రైవర్ పిడిని చెవిలో కాక, చెవి వెనకున్న ఎముకకి ఆనిస్తున్నాడు. అరచెయ్యి ఇనుము మీద పరిచి, వణుకుని బట్టి జబ్బు చెప్తున్నాడు. ఇప్పటివరకూ ఒక్కసారీ తప్పలేదు. తప్పలేదు కాబట్టి ఎవరికీ చెప్పాల్సిన అవసరం లేదని సర్దిచెప్పుకున్నాడు.

మర్నాడు పదకొండు అంతస్తుల భవనంలో పని. మేస్త్రి లిఫ్టు పెట్టె పైకప్పు మీద నిలబడి, అక్కడున్న బటన్లతో లిఫ్టుని నెమ్మదిగా కిందికి దింపుతున్నాడు. ఎప్పుడూ ఆయనతో జోడీగా వచ్చే మెకానిక్కు అడుగున గుంతలో నిలబడి చూస్తున్నాడు. మూడో అంతస్తు దాటాక లిఫ్టు ఉన్నట్టుండి ఆగిపోయింది. బటను ఎంత నొక్కినా కదలదు. మేస్త్రి అంచు నుంచి కిందికి తొంగి చూశాడు. జోడీ గుంతలో ఉన్న, లిఫ్టుని ఆపే ఎర్ర బటను నొక్కి పట్టుకుని, తల పైకెత్తి ఏదో అంటున్నాడు.

మేస్త్రి మెట్ల మీదుగా దిగి కిందికి వచ్చాడు. లిఫ్టు కింద వేలాడే కేబులు గోడకున్న ఇనుప కొక్కేనికి చిక్కుకుని సాగి ఉంది. ఇంకో రెండు గజాలు దింపి ఉంటే తెగిపోయేది.

"మూడుసార్లు కేకేశాను అన్నా! ఆపు, ఆపు అని."

"ఏదో ఆలోచనలో ఉన్నాను రా" అన్నాడు మేస్త్రి.

జోడీ కేబులు విడిపించి, చేతులు తుడుచుకున్నాడు. కానీ మధ్యాహ్నం పైకి వెళ్ళాల్సి వచ్చినప్పుడు, "ఈసారి నేనెక్కుతాలే అన్నా, నువ్వు కిందుండు" అని తానే నిచ్చెన పట్టుకున్నాడు. ఆ మాటలో ఎగతాళి లేదు. అందుకే మేస్త్రికి మరీ గుచ్చుకుంది.

సాయంత్రం ఇంటికి వచ్చాక భార్యకి కేబులు సంగతి చెప్పాడు. ఇంటర్వ్యూ సంగతీ చెప్పాడు. ఆవిడ ఉల్లిపాయలు తరుగుతూ అంతా విని, కత్తిపీట పక్కన పెట్టి, ఒక కాగితం, పెన్సిలు తెచ్చి ఆయన చేతిలో పెట్టింది.

"అటు తిరిగి కూర్చోండి."

"ఎందుకే?"

"తిరగండి చెప్తాను. నేను పది మాటలు అంటాను. వినబడింది వినబడినట్టు రాయండి. ఊహించి రాయకండి."

ఆయన గోడ వైపు తిరిగి కూర్చున్నాడు. ఆవిడ వంటింటి గడప దగ్గర నిలబడి మామూలు గొంతుతో ఒక్కో మాటా చెప్పింది. అయ్యాక వచ్చి కాగితం చూసింది. పదిలో నాలుగు సరిపోయాయి. 'సీసా' అంటే 'మీసం' అని రాశాడు. 'పని' అంటే 'పల్లె' అనే రాశాడు, మళ్ళీ.

ఆయన కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"నీకు ఎప్పుడు తెలిసింది?" అని అడిగాడు.

"రెండేళ్ళవుతోంది. అప్పట్నించీ గొంతు పెంచి మాట్లాడుతున్నాను కదా. మొదట్లో మీరు నాకు కోపం ఎక్కువైందనుకున్నారు. గుర్తుందా, మా అన్నయ్యకి ఫోన్ చేసి మరీ చెప్పారు."

గుర్తుంది. బావతో, "మీ చెల్లెలికి ఈ మధ్య మాట విసురెక్కువైంది బావా" అని నవ్వుతూనే ఫిర్యాదు చేశాడు. ఆవిడ అది తెలిసీ ఊరుకుంది. రెండేళ్ళపాటు కోపిష్టిదన్న పేరు మోసింది.

"మరి చెప్పలేదేం?"

"మీ పేరే అది కదండీ. ఎలా చెప్పమంటారు?" అంది ఆవిడ. తర్వాత, గొంతు తగ్గించకుండానే, "మీ సంగతి మీ ఇష్టం. ఆ పిల్ల సంగతి మాత్రం రేపే తేల్చండి. శుక్రవారం దాటితే నష్టపోయేది మీరు కాదు, ఆ పిల్ల" అంది.

గురువారం మేస్త్రి సగం రోజు సెలవు పెట్టాడు. అందుకు ఫారం కూడా నింపాడు. భోజనాల వేళకి బట్టల ఫ్యాక్టరీ గేటు దగ్గరికి వెళ్ళి, కాపలా మనిషితో కబురు పెట్టాడు. ఆమె ఎప్రాన్‌కి చేతులు తుడుచుకుంటూ వచ్చింది. ఈయన్ని చూడగానే మొహం విప్పారింది. వెంటనే దాన్ని అదుపులో పెట్టుకుంది కూడా.

"ఉద్యోగం సంగతి చెప్పడానికి రాలేదమ్మా" అన్నాడు మేస్త్రి, ఆశ పెట్టడం ఇష్టంలేక. "ఒక మాట అడగడానికి వచ్చాను. కొంచెం గట్టిగా, నా మొహం చూసి చెప్పు. ఐదేళ్ళ తర్వాత ఎక్కడుంటావని అడిగితే నువ్వు ఏమన్నావు?"

ఆమె తడబడింది. "మీ పనిలో ఉండాలనుకుంటున్నా అన్నాను సార్. మీకు కోపం వచ్చిందా? మీ కుర్చీ లాక్కుంటానని కాదండీ. మీకు రిటైర్మెంటు దగ్గరకొచ్చిందని మీ కంపెనీ గేటు దగ్గర ఎవరో అనుకుంటుంటే విన్నాను."

"నేను మా పల్లెలో అని విన్నాను."

ఆమె ఒక్క నిమిషం ఆయన వైపే చూసి, ఆపుకోలేక నవ్వేసింది. "నాకు పల్లెటూరెక్కడిది సార్! పుట్టింది బస్టాండు వెనక, పెరిగింది బస్టాండు ఎదురుగా."

మేస్త్రికి కూడా నవ్వొచ్చింది. గేటు పక్కన సిమెంటు దిమ్మ మీద కూర్చున్నారు. తన చెవుల సంగతి ఆమెకి చెప్పాడు. భార్యకి తప్ప ఇంకెవరికీ చెప్పని మాట, ముక్కూమొహం తెలియని పిల్లకి చెప్పడం తేలిగ్గానే అనిపించింది. ఆమె వింటూ ఉంది.

"ఒకటి అడగనా అమ్మా? ఆ జవాబు నువ్వు బట్టీ పట్టిందేనా?"

"కాదు సార్. ఇలాంటిది అడుగుతారని మా ఆడపడుచు ముందే చెప్పింది. ఏదో ఒకటి తయారు చేసుకుందామని బస్సులో ఆలోచిస్తూ కూర్చున్నాను. అంతవరకూ ఎప్పుడూ అనుకోలేదండీ, ఐదేళ్ళకి ఏమిటని. మిషను పాడైంది, బాగుచేశాను, ఇంకోటి పాడైంది, అదీ చేశాను. ఆరేళ్ళు అలాగే గడిచిపోయాయి. ఐదేళ్ళ తర్వాత కూడా ఇవే రెండు వందల మిషన్లా అనుకున్నాను. ఆ ఆలోచనలో పడి దిగాల్సిన స్టాపు దాటి రెండు స్టాపులు ముందుకెళ్ళిపోయాను. వెనక్కి నడుచుకుంటూ వచ్చాను."

"మీ దగ్గరికొచ్చాక ఆ లాకు నా చేతికిచ్చారు చూడండి," అంది మళ్ళీ, "అది విప్పాక అనుకున్నాను, ఈయనకి తెలిసినవన్నీ నాకు తెలిస్తే బాగుండునని. మేడమ్ అడిగినప్పుడు అదే చెప్పేశాను."

గేటులో గంట మోగింది. అది మాత్రం మేస్త్రికి బాగానే వినబడింది.

మూడింటికి ఆయన ఫారం మేడమ్ గదిలో ఉన్నాడు. నిలబడే చెప్పాడు, కూర్చోమన్నా కూర్చోలేదు. పొరబడింది తానేనని, పొరబడ్డానేమో అన్న అనుమానం అప్పుడే వచ్చినా దాచానని, తన చెవికున్న పేరు నమ్మి మేడమ్ సరైన మార్కుని కొట్టేసిందని, ఆ అమ్మాయికి అన్యాయం జరిగిందని. కేబులు సంగతి కూడా చెప్పాడు. అది చెప్పకపోతే మిగతాది చెప్పీ ప్రయోజనం లేదనిపించింది.

మేడమ్ పెన్ను మూత పెట్టి పక్కన పడేసింది.

"తప్పు నాది కూడా సార్. ఒకరిది ఒకరు చూడకుండా రాయమని ఫారంలో ఎందుకు పెట్టానో నాకే తెలియాలి. నా చెవితో విన్నదాన్ని నేనే కొట్టేశాను" అంది చివరికి. సొరుగులోంచి జాబితా తీసింది. తన ఫారంలో మళ్ళీ తొమ్మిది వేసి, మేస్త్రి చేత ఆయన వేసిన రెండుని దిద్దించి, అమ్మాయి పేరు జాబితాలో చేర్చింది; ఇద్దరూ సంతకాలు పెట్టారు. "ఇది అయిపోయింది. కానీ రెండోది..."

"తెలుసు. చెవి పరీక్షకి నా పేరు రాయండి."

"పరీక్షలో తేడా ఉందంటే లిఫ్టు నడిచే షాఫ్టులోకి పంపకూడదు సార్. నియమం."

"తెలుసమ్మా." మేడమ్ అనడం మరచిపోయాడు. ఆవిడా పట్టించుకోలేదు.

ఆవిడ కొత్త ఫారం ఒకటి తీసి, పైన ఆయన పేరు రాసి, ఆగింది. "రిటైర్మెంటుకి ఇంకా ఐదేళ్ళుంది సార్ మీకు. ఫారంలో లేదు, నేనే అడుగుతున్నాను. ఏం చేద్దామనుకుంటున్నారు?"

మేస్త్రి నోరు తెరిచాడు. ఇలాగే పని చేసుకుంటూ అనబోయాడు. ఇలాగే అన్నది ఇక లేదని అప్పుడే అర్థమైంది. కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

"ఆలోచించి చెప్తాను, రేపటిదాకా టైమివ్వండి" అన్నాడు. "మంగళవారం మీరు చెప్పింది ఇప్పుడు తెలుస్తోంది నాకు. జవాబు చెప్పించడానికి కాదు ఆ ప్రశ్న. ఆలోచించుకోమని కూర్చోబెట్టడానికి."

"అన్నిసార్లూ కూర్చోబెట్టదు లెండి. ఫైలాయన్ని కూర్చోబెట్టిందా?" అంది మేడమ్. ఇద్దరూ నవ్వుకున్నారు.

పరీక్షలో రెండు చెవులూ తేడాగానే ఉన్నాయని తేలింది, కుడిది ఎక్కువగా. చెవులకి వినికిడి మిషన్లు పెట్టారు. మొదటి వారం అవి ఆయనకి నరకం చూపించాయి. కాగితం నలిగితే పిడుగు పడ్డట్టు, పక్కవాళ్ళు నమిలితే కంకర తొక్కినట్టు. నెలకి అలవాటు పడ్డాడు. షాఫ్టులోకి మాత్రం మళ్ళీ పంపలేదు. అందుకు ఆయన చాలా బాధపడ్డాడు. ఎవరితోనూ అనలేదు గానీ, జోడీ సంచి భుజానికి తగిలించుకుని వ్యానెక్కే వేళకి ఏదో పని ఉన్నట్టు లోపలికి వెళ్ళిపోయేవాడు.

మేడమ్‌కి ఇచ్చిన జవాబు ఒకటే. తనకి తెలిసింది ఎవరికైనా నేర్పాలి, పద్ధతిగా, రోజూ. కంపెనీ వెనక రేకుల షెడ్డులో పాత మోటారు ఒకటి, బ్రేకు, తలుపుల చట్రం బిగించి ఇచ్చారు. కొత్తగా చేరిన ఇద్దరినీ ఆయనకే అప్పగించారు.

ఫైలాయన నాలుగో నెలలో మానేశాడు. ఇంకో కంపెనీలో ఇంకా మంచిది దొరికిందట. వెళ్ళేటప్పుడు మేస్త్రి కాళ్ళకి దండం పెట్టాడు. మనిషి చెడ్డవాడేం కాదు. సంస్థతో పాటు ఎదుగుతానన్నాడు గానీ, ఏ సంస్థో చెప్పలేదు కదా అని మేడమ్ సరిపెట్టుకుంది.

అమ్మాయి నిలబడింది. రెండో నెలకల్లా సార్ పోయి బాబాయ్ వచ్చింది. మేస్త్రి ఆమెకి మోటారు మీద అరచెయ్యి పెట్టించి, కళ్ళు మూయించి, ఎలా ఉందో చెప్పమనేవాడు. మొదట్లో "వణుకుతోంది బాబాయ్" అనేది. "వణకని మోటారు ఎక్కడైనా ఉంటుందా? ఎలా వణుకుతోందో చెప్పు" అని కసురుకునేవాడు. ఏడాది తిరిగేసరికి జోడీతో పాటు షాఫ్టులోకి వెళ్ళి, సాయంత్రం వచ్చి అన్నీ పూస గుచ్చినట్టు ఆయనకి చెప్పేది. ఒక్కోసారి ఆయన కాదన్నది అవునని తేలేది. అలాంటి రోజు మేస్త్రి ఇంటికి వెళ్ళి భార్యతో, "ఆ పిల్లకి గర్వం ఎక్కువైందే" అని మహా సంతోషంగా చెప్పేవాడు.

మూడో ఏడు నడుస్తుండగా ఒకనాడు ఆమె షెడ్డుకి వచ్చి, చెప్పాలా వద్దా అన్నట్టు తలుపు దగ్గరే నిలబడింది.

"ఏంటమ్మాయ్?"

"బాబాయ్, కంట్రోల్ బోర్డులు బాగుచేసే విభాగంలో ఖాళీ ఉందట. నాకు ఈ మధ్య ఆ పని మీదే మనసు పోతోంది. అడగమంటారా?"

మేస్త్రికి కష్టంగానే అనిపించింది. తన తర్వాత ఈ పిల్లే అని అందరితో అనేశాడు. కాసేపు చేతిలో గుడ్డతో బ్రేకు తుడుస్తూ ఉండిపోయాడు.

"మరి నా పని?"

"జోడీ అన్నయ్య ఉన్నాడుగా. ఆయనకి మీ పని నాకంటే బాగా వచ్చు. ఎవరూ అడగరు గనక ఆయన చెప్పడంతే." కాస్త ఆగి, "మీకు కోపమా?" అంది.

"కోపం కాదు. నువ్వు వెళ్ళి మేడమ్‌ని అడుగు. నా సంతకం కావాలంటుంది, ఫారం పట్రా, పెడతాను."

ఆమె వెళ్ళిపోయింది. మేస్త్రి గుడ్డ దులిపి మేకుకి తగిలించి, వ్యాను వచ్చే వేళ అయిందని గేటు వైపు నడిచాడు. జోడీ సామాన్లు దించుకుంటున్నాడు. మేస్త్రి సంచి ఒకటి అందుకుని, "ఇవాళ ఏం చూశావో చెప్పరా, మొదట్నించీ" అన్నాడు. జోడీ వింతగా చూసి, మెల్లగా మొదలుపెట్టాడు.